ఆరని గోడ

“చెయ్యి పెట్టి చూడు మేస్త్రీ! నేను చెప్పడం కాదు, నువ్వే పెట్టి చూడు!”

మేస్త్రి అరచెయ్యి గోడకి ఆనించి వెంటనే తీసేశాడు. వేళ్ళకి రంగు పెచ్చులు అంటుకున్నాయి.

“కాస్త చల్లగా ఉంది సార్,” అంటూ నీళ్ళు నమిలాడు.

“చల్లగానా? పిండితే చెంబుడు నీళ్ళొస్తాయి!” అంది గుమ్మంలోంచి వాచీలాయన భార్య.

వీధి చివర గడియారాలు బాగుచేసే షాపు ఉండటంతో ఆయన్ని అందరూ వాచీలాయన అనే పిలుస్తారు. ఇంటి వెనకాల కొత్తగా పొడిగించిన గది అది. పని పూర్తయి చాలాకాలమైంది. పైగా బయట ఎండలు మండిపోతున్నాయి. మూడు గోడలు సుద్దముక్కల్లా పొడిగా ఉన్నాయి. నాలుగోది మాత్రం ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంది.

ఎల్లుండి ఆ గదిలోకి వాచీలాయన అక్కగారు రావాలి. ఆవిడకి ఉబ్బసం. చెమ్మ గాలి తగిలిందంటే పడుకోవడం మాట దేవుడెరుగు, కూర్చున్నా ఊపిరాడదు.

“ఇటుక మంచిది పడలేదేమో సార్.”

“ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. మిగతా మూడు గోడలకీ ఆ ఇటుకేగా?”

మేస్త్రి మేడ మీదికెక్కి అంతా తిరిగి చూసి, తల గోక్కుంటూ దిగివచ్చాడు.

“పైన ట్యాంకు లేదు. ఈ గోడలో పైపు లేదు. వానా లేదు. మరి నీళ్ళెక్కడివి సార్?”

తప్పించుకోడానికి అన్న మాట కాదది. నిజంగానే అడిగాడు. దాంతో వాచీలాయన కోపం సగం దిగిపోయింది. కొన్నాళ్ళుగా ఆయన్ని తినేస్తున్న ప్రశ్న కూడా అదే.

“ఇలా రా,” అని గోడ మీద పెన్సిలుతో గీసిన గీతలు చూపించాడు. “పొద్దున చెమ్మ ఈ పై గీతదాకా ఉంటుంది. సాయంత్రానికి ఇదిగో, ఇక్కడికి దిగుతుంది. మళ్ళీ పొద్దునకి ఠంచనుగా పైకొస్తుంది. నా షాపులో గడియారాలు కూడా ఇంత కచ్చితంగా నడవవు.”

“ఇంకా పైకెందుకు పోదు సార్?”

“అదే నాకూ అంతుపట్టడం లేదు. చెయ్యెత్తితే అందేంత వరకే. ఆ పైన పొడి.”

ఇద్దరూ గోడ ముందు గొంతుక్కూర్చున్నారు. వాచీలాయన జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. మేస్త్రి గోడకి చెవి ఆనించాడు.

“బాగుంది వరస,” అంది భార్య. “పెద్ద డాక్టర్లు ఇద్దరూ కలిసే వచ్చారు. నాలిక చాపమనండి, అదీ చూద్దాం.”

మేస్త్రికి నవ్వు ఆగలేదు. వాచీలాయన కూడా నవ్వబోతుండగా ఫోను మోగింది.

“గది ఆరిందా తమ్ముడూ?” అక్కగారి గొంతు. “నా సామానంతా కట్టేశాను. ఈ ఇంట్లోకి వేరేవాళ్ళు దిగుతున్నారుగా, ఇక్కడ ఉండటానికి లేదు.”

“ఆరుతోందక్కా,” అన్నాడాయన, గోడ వైపు చూడకుండా.

ఫోను పెట్టేసి లేచాడు.

“కూలగొట్టు మేస్త్రీ.”

“సార్!”

“నువ్వు కట్టిందేగా. నువ్వే కూలగొట్టి మళ్ళీ కట్టు.”

“మరి అందాకా వదిన ఎక్కడుంటుందండీ?” అంది భార్య.

మేస్త్రి ముఖం వాడిపోయింది. తను కట్టిన గోడని ఓసారి తల నిమిరినట్టు నిమిరాడు.

“కొడితే అటునించి కొట్టాలి సార్. ఇటువైపు కరెంటు వైర్లున్నాయి. రేపు పెందరాళే వస్తాను, ఎండెక్కక ముందే మొదలుపెడదాం.”

అటు అంటే పక్కింటి పిన్నిగారి పెరడు. గోడ సరిగ్గా హద్దు మీద లేచింది. దాని రెండో ముఖం ఆ పెరట్లోకి వెళితే తప్ప కనిపించదు.

“పిన్నికి ఓ మాట చెప్పి మరీ మొదలుపెట్టండి,” అంది భార్య. “పెద్దావిడ. చెప్పాపెట్టకుండా వెళ్ళి దుమ్ము మీద పోస్తే ఏం బాగుంటుంది?”

మర్నాడు కాకులింకా పూర్తిగా లేవకముందే మేస్త్రి గునపం భుజాన వేసుకుని వచ్చాడు. వాచీలాయన పక్కింటి గేటు గడియ తీసి, “పిన్నీ!” అని పిలిచాడు. పలుకు లేదు. ఇద్దరూ ఇంటి పక్కగా పెరట్లోకి నడిచారు.

పిన్నిగారు అక్కడే ఉంది. చీరకొంగు నడుముకి దోపుకుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుని మెల్లగా నిలబడుతోంది. రెండో చేతిలో మగ్గు. పక్కన ఖాళీ బకెట్టు. ఎదురుగా గోడ, ఆవిడ చెయ్యి అందినంత మేరా, బొటబొటా కారుతోంది.

మేస్త్రి భుజం మీది గునపం నేల మీదికి జారింది. నాలిక కరుచుకున్నాడు.

మేస్త్రిని చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

“వచ్చావా నాయనా! ‘ఇటు గోడకి రోజూ పొద్దున్నే నీళ్ళు పట్టండి పిన్నిగారూ, ఇక చాలని నేనే వచ్చి చెప్తాను’ అని వెళ్ళినవాడివి మళ్ళీ కనిపిస్తే ఒట్టు. కట్టేది ఆడకూతురి కోసమని ఒక్కపూటైనా మానలేదు, ఇప్పటికైనా చాలంటావా?”