వెనక నిలబడే మనిషి

గోడ దూకిన నిహారిక కాలి చెప్పు ఒకటి గోడకు లోపలి వైపే పడిపోయింది.

ఒంటి కాలి మీద నిలబడి ఏం చెయ్యాలా అని చూస్తుంటే, ఆ చెప్పు ఎవరో తెచ్చి ఆమె ముందు పెట్టారు.

“ఏస్కో బిడ్డా. గేటు తీసే ఉంది గద, గోడ దుంకుడెందుకు?”

హనుమంతు! నల్ల సఫారీ, బుర్ర మీసాలు, ఆరడుగుల మనిషి.

నెల రోజులుగా ఇదే తంతు. ఎమ్మెల్యే జగదీశ్‌కు బెదిరింపు ఫోన్లొచ్చాయట. కూతుర్ని ఎత్తుకుపోతామన్నారట. మర్నాడే ఈ గన్‌మన్ దిగాడు. కాలేజీకి వెళ్తే వెనకాలే. పానీపూరీ తింటే వెనకాలే. పార్లర్‌లో అద్దం చూసుకున్నా అందులో అతని మీసాలే.

జూబ్లీహిల్స్‌లో అంత పెద్ద ఇంట్లోనూ ఆమెకు ఊపిరాడటం లేదు.

ఇవాళ పదకొండున్నరకు ఫిల్మ్ నగర్‌లో ఆడిషన్. హీరోయిన్ చెల్లెలి వేషం. మూడేళ్లుగా తిరిగితే దొరికిన పిలుపు. నాయినకు తెలిస్తే కాళ్లు విరగ్గొడతాడు. ఆ మాట ఆయన ఇదివరకే రెండుసార్లు అన్నాడు.

“అన్నా, దండం పెడ్త. జర గంటసేపు నన్ను చూడనట్టు ఉండు.”

“నిన్ను చూసుడే నా పని బిడ్డా.”

“మా నాయినకు ఫోన్ చేస్తవా?”

“గంటకోసారి చెయ్యమన్నడు సారు.”

ఆమె పళ్లు కొరుక్కుంటూ కనిపించిన ఆటో ఎక్కింది. హనుమంతు వెళ్లి డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాడు.

చెక్‌పోస్ట్ దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు కార్లు, వెనక కార్లు. పదకొండూ ఇరవై అయింది. నిహారికకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

హనుమంతు చటుక్కున దిగాడు. రోడ్డు మధ్యకు నడిచి చెయ్యెత్తాడు. ఆ సఫారీని చూసి ఖరీదైన కార్లు కూడా బుద్ధిగా ఆగాయి. ఆటో దూసుకుపోయింది. అతను పరుగెత్తి ఎక్కాడు.

“ఎందుకన్నా?” అందామె ఆశ్చర్యంగా.

అతను రోడ్డు వంకే చూస్తూ, “పిలుపొచ్చినప్పుడు పోవాలె బిడ్డా” అన్నాడు.

ప్రొడక్షన్ ఆఫీసు గుమ్మంలో మేనేజర్ అడ్డుపడ్డాడు.

“గన్‌మన్ బయటే ఉండాలమ్మా. మా డైరెక్టర్‌గారికి తుపాకులంటే తెర మీదే ఇష్టం.”

అరగంటలో నిహారిక నవ్వుకుంటూ బయటికొచ్చింది. “వేషం నీదేనమ్మా. రేపు మీ నాన్నగారిని మేమే ఒప్పిస్తాం” అన్నారు లోపల.

అంతలో ఫోన్ మోగింది.

“ఫిల్మ్ నగర్‌ల ఏం చేస్తున్నవ్? ఇంటికి రా, నీ సంగతి చెప్త!” నాయిన గొంతు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ పెట్టేసి హనుమంతు మీదికి తిరిగింది.

“చెప్పినవ్ గద! చాడీలు చెప్పి బతుకుడు కూడ ఒక బతుకేనా? నా ఎనక రాకు ఇగ!”

హనుమంతు ఇరవై అడుగుల వెనక ఆగిపోయాడు.

ఆమె విసవిసా పక్క సందులోకి తిరిగింది.

ఎదురుగా ఒక తెల్ల కారు అడ్డంగా వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో కత్తి.

“మా భూమి మింగిన జగదీశ్ బిడ్డవు నువ్వేనా?”

అటు గోడ, ఇటు కారు.

ఆ ఇరవై అడుగులు హనుమంతు ఎప్పుడు దాటాడో తెలియదు. ఆమెకూ కత్తికీ మధ్య నిలబడ్డాడు. చేతిలో పిస్తోలు.

“కదిలితే కాలుస్త!”

ఆ గొంతుకు సందంతా మారుమోగింది. ఆ ఇద్దరూ బిగుసుకుపోయారు. ఒకడైతే చేతులెత్తేశాడు.

“ఉరుకు బిడ్డా” అన్నాడు హనుమంతు మెల్లగా. “ఎనకకు చూడకు.”

ఆమె ఉరికింది. ఆఫీసు గేటు దాకా వచ్చి వెనక్కి చూసింది.

కత్తి పట్టినవాడు ఒక అడుగు ముందుకేశాడు. తుపాకీ పేలలేదు. ఇంకో అడుగు వేశాడు.

“కాల్చన్నా! కాల్చు!” అని గొంతు చించుకుంది.

అతను కాల్చలేదు. పిస్తోలు పారేసి, కత్తి పట్టినవాణ్ణి రెండు చేతులా వాటేసుకున్నాడు. కత్తి కడుపులో దిగినా పట్టు వదల్లేదు.

వాచ్‌మన్లు, డ్రైవర్లు పరుగెత్తుకొచ్చేసరికి కారు పారిపోయింది. కత్తి పట్టినవాడు మాత్రం ఇంకా ఆ చేతుల్లోనే గింజుకుంటున్నాడు. పట్టు విడిపించడానికి నలుగురు కావాల్సి వచ్చింది.

ఆస్పత్రి చేరేసరికే హనుమంతు ప్రాణం పోయింది.

“చేతిల తుపాకీ ఉండి ఎందుకు కాల్చలే?” నిహారిక ఏడుస్తూ అదే మాట అడుగుతోంది. “నాయినా, ఆయనకు కాల్చుడు గూడ నేర్పలేదా ఎవ్వరు?”

అప్పుడే వచ్చిన జగదీశ్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

సీఐ తిరుమలేశ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“సార్, ఈయనది ఏ బెటాలియన్? మా లిస్టుల పేరు లేదు. తుపాకీ చూస్తే చెక్కది, రంగేసిన్రు.”

ఎమ్మెల్యే బెంచీ మీద కూలబడ్డాడు. కూతురి వైపు తిరిగాడు.

“బెదిరింపు ఫోన్లు ఏవీ రాలే బిడ్డా. నువ్వు సినిమాల జోలికి పోవద్దని నేనే ఆ కథ అల్లిన. నిజంగ వచ్చేటోళ్లు ఫోన్ చేసి రారని నాకు తట్టలే.”

“ఇయ్యాల నేను ఫిల్మ్ నగర్‌ల ఉన్నట్టు ఆయనేనా నీకు చెప్పింది?”

“కాదు. చెక్‌పోస్ట్ కాడ చూసిన మనోళ్లు చెప్పిన్రు. నేను ఆయనకు ఫోన్ చేసి అడిగితే, నువ్వు గుడికాడ ఉన్నవన్నడు.”

నిహారిక గోడకు ఆనుకుంది.

“మరి ఆయనెవరు నాయినా?”

“కృష్ణానగర్‌ల జూనియర్ ఆర్టిస్టు బిడ్డా... ఇరవై ఏండ్లసంది సినిమాలల్ల ఒక్క మాట లేకుండ విలన్ ఎనక నిలబడేటోడు.”