టీ కాగేంతసేపు

అమ్మా శివలీలా,

శనక్కాయల ధరలు చూపే మన రైతు సంఘం వెబ్‌సైటు మీద నాకు ఏండ్ల నాటి కోపం. తెరిస్తే చాలు, చక్రం తిరుగుతూనే ఉండేది.

నాకు ఫోను లేదు, చూసేది ఎదురింటి పుల్లయ్య ఫోనులోనే. పొలం గట్టు తగాదా అయినప్పటి నుంచి మాకు మాటల్లేవు. అయినా ధర తెలియాలి కదా, పొద్దున్నే పోయి ఆయన అరుగు మీద కూర్చునేవాణ్ణి.

"ఏమప్పా, ఇంకా తిరగతానే ఉండావా?" అని ఫోనును అడిగేవాణ్ణి.

"తిరగతాండాది. అంతవరకు టీ తాగమను," అని పుల్లయ్య కూడా ఫోనుకే చెప్పేవాడు. ఆ తర్వాత ఆయన మోకాళ్ల నొప్పులు, నా ఎద్దుల సంగతి, అన్నీ ఫోనుకే చెప్పుకునేవాళ్లం.

మొన్న నువ్వు పాతది పీకేసి, కొత్త ఫ్రేమ్‌వర్కంట, దాంట్లోకి మార్చినావు. ఊరంతా నిన్ను మెచ్చుకుంది. ఇప్పుడు వేలు తగిలితే ధర వచ్చేస్తుంది. ఇక నేను లేచి రావాల్సిందే.

నిన్న పుల్లయ్య ఫోను వైపు చూసి, "టీ ఇంకా కాగనే లేదు," అన్నాడు.

మీరే మాట్లాడుకోండి అంటావేమో. ముందు నేను మాట్లాడను.

ఆ చక్రం మళ్లీ పెట్టు, టీ కాగేంతసేపు తిరిగితే చాలు. అవుతుందో కాదో బేస్తవారం లోపల జాబు రాయి.

నీ పెదనాయన