కదలొద్దు బాబాయ్‌గారూ

“కదలొద్దు బాబాయ్‌గారూ! అలాగే ఉండండి, మీ బొమ్మ గీస్తున్నాను.”

ఎదుటి బెంచీ మీద పేపరు మడుస్తున్న పెద్దాయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

“నా బొమ్మా? ఇందాకటి దాకా ఆ ఉడత వెంట పడ్డావు కదమ్మా!”

“అది పారిపోయింది. మీరైనా కాసేపు కుదురుగా కూర్చోండి,” అంది ఆమె, నవ్వు తెచ్చిపెట్టుకుంటూ.

ఉడత ఎందుకు పారిపోయిందో ఆయన్ని కదలొద్దనక ముందే ఆమెకు తెలిసింది. ఆయన బెంచీ కింద ఊడ్చి పోగేసిన ఎండుటాకుల్లోంచి ఒక తల మెల్లగా బయటికి వచ్చింది. నాగుపాము. పిల్లల పుస్తకాలకు జంతువుల బొమ్మలు వేసే మనిషి ఆమె, పొరపడే ప్రశ్నే లేదు. ఆయన చూస్తే చెప్పులు విడిచి, ఉత్త పాదాలు నేల మీద ఆనించి హాయిగా కూర్చుని ఉన్నాడు. అరిస్తే ఉలిక్కిపడి కాళ్లు కదుపుతాడు. కదిపాడా, అంతే సంగతులు.

పార్కులో ఆ మూల ఇంకెవరూ లేరు.

“కాళ్లు కూడా కదపకూడదా?”

“అస్సలు కదపకండి. పాదాలు గీయడమే అన్నిటికన్నా కష్టం.”

“అలా అయితే సరైనవాణ్నే పట్టావు. నా ఉద్యోగమంతా బస్సు స్టీరింగు ముందే గడిచింది. కూర్చోమంటే నన్ను మించినవాడు లేడు. ఆ పని తప్ప నాకు ఇంకేదీ రాదంటుంది మా ఆవిడ.”

ఇంకెప్పుడైనా అయితే పగలబడి నవ్వేది. ఇప్పుడు కాగితం మీద ఏం గీస్తోందో ఆమెకే తెలియడం లేదు. పాము బారుగా సాగి ఆయన మడమ దాకా వచ్చింది. పెన్సిలు ముల్లు పుటుక్కున విరిగింది.

ఇంకో పెన్సిలు కోసం, కాళ్ల దగ్గరున్న సంచీ వైపు వంగబోయింది.

“వద్దమ్మా!” అన్నాడాయన గబుక్కున. “ఉన్నదాంతోనే కానిచ్చెయ్. నువ్వలా వంగితే నేనెటు చూడాలో మర్చిపోతాను.”

సరే, ఆయన కదలకుండా ఉంటే అదే పదివేలు. మొండి పెన్సిలుతోనే కాగితం మీద బరుకుతూ కూర్చుంది.

పాము ఆయన పాదం మీదికి ఎక్కింది.

ఏదో చెప్పబోతున్న ఆయన ఠక్కున ఆగిపోయాడు.

“ఏమైంది బాబాయ్‌గారూ?”

“తుమ్ము వచ్చింది... ఆపుకున్నాలే. నువ్వు గీసుకో.”

పాదం దాటింది. ఏ తొందరా లేనట్టు గడ్డిలో మెలికలు తిరుగుతూ, ప్రహరీ పక్కన పొదల వైపు సాగింది. తోక చివర ఆకుల్లో కనుమరుగయ్యే దాకా ఆమె ఊపిరి పీల్చుకోలేదు. పెన్సిలు వేళ్లలోంచి జారి ఒళ్లో పడింది.

“అయిపోయింది, ఇక లేవండి. బొమ్మ వంకతో మిమ్మల్ని కదలకుండా కూర్చోబెట్టాను బాబాయ్‌గారూ, ఏమీ అనుకోకండి. ఇందాక మీ బెంచీ కింద పాము కనిపించింది. ఇప్పుడే పోయింది,” అంటూ తనూ లేవబోయింది.

“కూర్చో!”

ఆ గొంతుకు ఆమె ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

“నా పాము సంగతి నాకు తెలుసు తల్లీ, నా కాలి మీంచేగా పోయింది,” అన్నాడు పెద్దాయన, పేపరు పట్టుకున్న చేతులు దించకుండానే. “బొమ్మ మాత్రం ఆపకు. నీ బెంచీ కిందిది ఇంకా పోలేదు.”