కొవ్వు పట్టని కోళ్లు

"ఏమే, జొన్నలు కోళ్లకు ఏస్తున్నవా, నువ్వే బుక్కుతున్నవా?"

హనుమమ్మ నోటికి ఊరంతా జడుస్తుంది. కొత్త కోడలు యాదలక్ష్మి ఎంత!

"ఏస్తున్న అత్తమ్మా. గీ జాతికి కొవ్వు పట్టదు."

అది నిజమే. కాపురానికి వస్తూ పుట్టిల్లు కేతేపల్లి నుంచి తెచ్చుకున్న కోళ్లు అవి. పక్కింట్లో సర్కారోళ్లిచ్చిన తెల్లకోళ్లు అదే మేత తిని గుమ్మడికాయల్లా ఊరాయి. వీటికి మాత్రం ఎంత మేపినా పొట్ట కింద చిటికెడు కొవ్వు చేరదు. కూర మాత్రం, అబ్బ! ఒకసారి తిన్నవాళ్లు మక్తల్ సంతలో కూడా చెప్పుకునేవారు.

యాదలక్ష్మి కడుపులో ఇంకో మాట దాగి ఉంది. పెంచిన బీరమ్మ ఆమెను కనలేదు. రజాకార్ల ఏడు, ఊళ్లు ఖాళీ అవుతున్నప్పుడు, బండ్ల బాట పక్కన గంపలో దొరికిన పిల్ల. ఆ సంగతి దాచే ఇంత దూరం పెళ్లి చేసింది బీరమ్మ. తెలిస్తే హనుమమ్మ ఒక్క పూట కూడా ఉండనివ్వదు.

అయినా సంతకు పోయిన ప్రతిసారీ యాదలక్ష్మి ఆడవాళ్ల మొహాల్లో తన పోలిక వెతుక్కునేది.

ఆ పొద్దు తడిక దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. మొహం నిండా అమ్మవారు పోసిన మచ్చలు. ఆ మొహంలో వెతకడానికి ఏమీ మిగల్లేదు. ఆమె కళ్లు కోళ్ల మీదే ఉన్నాయి.

"జర ఒక పెట్టను పట్టుకోనియ్యి బిడ్డా."

అడుగుతూనే పట్టుకుంది. పొట్ట కింద ఈకలు ఊది తోలు చూసింది. నమ్మలేనట్టు మళ్లీ ఊదింది.

"ఎంత మేపినా కొవ్వు పట్టదు గదా?"

"నీకెట్ల ఎరుక?"

"మేతల లేదు బిడ్డా, నెత్తుర్ల ఉంది. తల్లి గుణం పిల్లకు రాకుంటె యాడికి పోతది? మీ తల్లిగారిది ఏ ఊరు?"

యాదలక్ష్మి ఇంటి వైపు చూసింది. లోపల అత్త దగ్గు వినబడింది.

"తల్లిగారి ఊసు నీకెందుకు? కోళ్లు మక్తల్ సంతల కొన్నం."

"సంతలనా? అమ్మినోళ్లెవరు?"

"ఎవరో. పో, పో."

ఆమె పెట్టను మెల్లగా దింపింది. దాని వీపు నిమిరి పోయింది.

హనుమమ్మ బయటికొచ్చింది. "కోళ్లదొంగే అది! సంతల కొన్నమని చెప్పి మంచిగ తరిమినవ్." కోడల్ని మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ మెప్పు యాదలక్ష్మికి ఒంటబట్టలేదు. పొద్దుగూకి కోళ్లను గంప కింద కమ్మేటప్పుడల్లా తడిక అవతల ఎవరో ఈకలు ఊదుతున్నట్టే ఉండేది. తీసి చూస్తే ఎవరూ ఉండరు. ఎందుకో ఏడుపొచ్చేది.

బతుకమ్మకు తీసుకుపోవడానికి బీరమ్మ వచ్చింది. అత్త చేనుకు పోయిన సందు చూసి యాదలక్ష్మి అంతా చెప్పింది.

బీరమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది. "ఎటు పోయిందే ఆమె?"

"కృష్ణ దాటి పోయిందంట. మళ్ల ఎవ్వరికీ కనబడలె. పేరు గూడ అడగలె నేను. కోడి సంగతికి గంత ఫికరెందుకమ్మా?"

బీరమ్మ కింద కూచుంది. పెట్టను ఒళ్లోకి తీసుకుంది.

"గా గంపల నువ్వొక్కదానివే లేవు బిడ్డా. నిన్ను సాకెటోళ్లకు ఆసరైతదని, గీ కోళ్ల తల్లిని కాళ్లు కట్టి నీ పక్కనే పెట్టిపోయింది నీ తల్లి."