కుక్క బిళ్ల

బ్రిస్బేన్ బస్సు దిగిన పాతికమంది కూలిబా చెట్టు చుట్టూ మూగారు. కెమెరాలు బయటికొచ్చాయి. గైడు లోర్నా టోపీ సర్దుకుని ఎప్పటి పాఠమే ఎత్తుకుంది.

“మాను మీద ఈ అక్షరాలు చెక్కింది ఎడారి దాటబోయిన దొరగారే. తిండి అయిపోయి ఈ వాగు ఒడ్డునే పడిపోయారు. ఇక్కడి నల్లవాళ్లు చేపలు, నార్డూ గింజల రొట్టెలు తెచ్చిస్తే దొరగారు భయపడి తుపాకీ పేల్చారు.”

“మరి వాళ్లేం చేశారు?” గులాబీ గొడుగు ఆవిడ అడిగింది.

“మర్నాడు మళ్లీ రొట్టెలు తెచ్చారండి.”

“పిచ్చిమాలోకాలు!” ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. లోర్నా కూడా నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ నల్లవాళ్లు ఆమెవాళ్లే. ఇకమీదట తనవాళ్లతో మాటామంతీ పెట్టుకోనని సంతకం చేస్తేనే సర్కారు ఆమెకో కాగితం ఇచ్చింది. అది ఉంటేనే ఊళ్లో గది, ఈ కొలువు. టూర్ల మేనేజరు హాడ్లీ ఒక్క ఉత్తరం ముక్క రాస్తే చాలు, కాగితం పోతుంది, మళ్లీ నల్లవాళ్లను కట్టడిలో ఉంచే మిషన్ కంచె లోపలికే. మిషన్‌లో వాళ్లు ఆ కాగితాన్ని కుక్క బిళ్ల అంటారు.

“లోర్నా!” హాడ్లీ గొంతు తగ్గించాడు. “చెట్టెనకాల చూడు. ఏటా ఇదే రోజుకి తగలడుతుంది ముసల్ది. లేపు దాన్ని.”

వేరు మీద ఓ నల్ల ముసలామె కూర్చుని ఉంది. మోకాళ్ల దాకా ఎర్రమట్టి.

“లే ఇక్కణ్ణుంచి!” అంది లోర్నా, అందరికీ వినబడేలా.

“లేస్తాలే దొరసానమ్మా. మూడ్రోజులు నడిచొచ్చా. నేను విన్నా మోకాళ్లు వినొద్దూ!” ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది. “చిక్కిపోయావ్. పొద్దున ఏమన్నా తిన్నావా?”

బస్సువాళ్లు పగలబడి నవ్వారు.

“మీకు తెలిసినామేనా?” గొడుగు ఆవిడ అడిగింది. హాడ్లీ ఇటే చూస్తున్నాడు.

“ఛ! నాకెలా తెలుస్తుంది?”

ముసలామె మాను పట్టుకుని లేచి, వాగు వెంట మెల్లగా నడిచిపోయింది. లోర్నాకు తల కొట్టేసినట్టయింది. మిగతా పాఠమంతా తప్పులతడకగా అప్పజెప్పింది.

అందరూ బస్సెక్కాక ఒక్కతే వెనక్కి వచ్చింది. వేరు పక్కన ఆకుల పొట్లం. విప్పితే నార్డూ రొట్టె, ఇక్కడే వాగు ఒడ్డున కాల్చినట్టుంది, బూడిద అంటుకుని ఇంకా వెచ్చగా ఉంది.

హారన్ రెండుసార్లు మోగింది. లోర్నా కదల్లేదు. ఏడుస్తూ, నిలబడే తింది.

పుట్టినరోజు నాడు కూతురి నోట్లో ఇంత రొట్టె పెట్టందే అమ్మ ఏ ఏడూ ఊరుకోలేదు.