సజ్దాకు గడువు

2068 ఆగస్టు 9 ఉదయం, ఏలూరులో తివాచీలు నేసే గౌస్ మొహిద్దీన్ ఇంట్లో అతని మరణంపై విచారణ జరిగింది. హాజరైనవారు ముగ్గురు: విచారణాధికారి వల్లభరావు, మృతుడి భార్య జైతూన్‌బీ, కూతురు ఖైరున్నీసా. ఇప్పుడు ఇంటింటా తివాచీల కింద పరిచే అడుగుపొరను రూపొందించింది ఆ కూతురే.

మనిషి పడిపోతే ఆ పొరే ఆసుపత్రికి కబురు పంపుతుంది. తొలి రకానికి నమాజుకూ పడిపోవడానికీ తేడా తెలిసేది కాదు. సజ్దా చేస్తూ నుదురు నేలకు ఆనించగానే అంబులెన్సు వాళ్ళు వచ్చి తలుపు బాదేవారు. తండ్రి విసుక్కున్నాడని ఖైరున్నీసా దాన్ని మెరుగుపరిచింది. మోకాళ్ళు, అరచేతులు, నుదురు వరుసగా ఆనితే పొర మౌనం వహించాలి. సోమవారం సజ్దాలో ఉండగానే గౌస్ మొహిద్దీన్ గుండె ఆగింది; మనిషి ఒరగకుండా అలాగే ఉండిపోయాడు. రెండు గంటలపాటు పొర మౌనంగానే ఉంది. వెంటనే తెలిసి ఉంటే బతికేవాడని డాక్టరు రాశాడు.

"సజ్దా ఎన్ని నిమిషాలు దాటితే పొర కబురు పంపాలో ఇందులో మీరే రాయాలమ్మా," అంటూ వల్లభరావు కాగితం జరిపాడు.

"నేను వంటింట్లోనే ఉన్నానే," అంది జైతూన్‌బీ. "మీ అబ్బా సజ్దా ఎప్పుడూ పొడుగే కదా. పిలిస్తే కసురుకుంటాడని పిలవలేదు."

ఖైరున్నీసా అయిదు అని రాసింది.

"అయిదేనా? ఆయనుంటే నీతో పోట్లాడేవాడు."

"పోట్లాడితే బాగుండు, అమ్మీ."

ఆమె అయిదును కొట్టివేసి మూడు అని దిద్దింది. కింద సంతకం చేసింది. వల్లభరావు కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు.