బావిగట్టు మీది నాయిక

"ఆ తర్వాత?" అన్నాడు ఏకాంబరం, అన్నం కలపడం ఆపి.

"రైలు కూత వినబడింది. ఆ పిల్ల రెండు చెవులూ మూసుకునింది" అంది చంద్రకాంతమ్మ, మొగుడికి సాంబారు వడ్డిస్తూ.

ఏకాంబరం ఆలోచనలో పడ్డాడు. ఆయన తిరుపతిలో ఒక హైస్కూలుకు ఇంగ్లీషు పంతులు. చెన్నపట్నంలో ఉన్నప్పుడు మనసు గురించిన పుస్తకాలు నాలుగు చదివాడు. అప్పటినుంచీ ఎదుటివాడు తుమ్మినా దానికి కారణం చిన్నతనంలో వెతుకుతాడు.

యుద్ధం ముగిసిన ఏడాది అది. ఊళ్లోకి డేరా సినిమా వచ్చింది. జనమంతా దాని గురించే మాట్లాడుకుంటుంటే పంతులు తెలియదనలేడు. అలాగని బీడీ పొగలో, ఇసకలో కూర్చుని చూడలేడు. పెద్దమనుషులు డేరాలోకి అడుగుపెట్టడం ఆ రోజుల్లో నామోషీ. సినిమా సంగతి చాటుతూ తప్పెట బండివాళ్లు విసిరిన రంగు కాగితాన్ని కూడా ఆయన ముట్టలేదు. పక్కింటి జ్ఞానాంబను తోడిచ్చి పెళ్లాన్ని పంపించాడు. ఆమె వచ్చి కథ చెప్పింది. వినగానే ఆయనకు పూనకం వచ్చినంత పనైంది. ఆ నాయిక మనసు మీద ఆదివారం రీడింగ్ రూములో ఉపన్యాసం ఇస్తానని ప్రకటించేశాడు. వివరాలు సరిపోకపోతే పెళ్లాన్ని మళ్లీ పంపాడు.

చంద్రకాంతమ్మకు దొరికిన బయటి గాలి అదొక్కటే. పెళ్లిలో ఆమె అన్న సుబ్బన్న పదిమంది ముందు తన ఇంగ్లీషును వెక్కిరించాడని, ఆ ఇంటి గడప తొక్కనని, పెళ్లాన్ని తొక్కనివ్వనని ఏకాంబరం ఒట్టు పెట్టుకున్నాడు. ఏర్పేడులో ఆమె తల్లి కాలూ చెయ్యీ పడిపోయి మంచాన ఉందని కబురొచ్చినా కరగలేదు. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రాగల ఊరు. ఆ ఊరి పేరు ఎత్తితే అన్నం పళ్లెం ఎగిరి గోడకు తగిలేది. ఆమె ఎత్తడం మానేసింది.

సినిమా గురించి అడిగితే మాత్రం చెప్పేది. కాపురానికి వచ్చాక ఆమె మాటను ఆయన చివరిదాకా వినడం ఇదే మొదలు.

ఆ నాయిక కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుందట. ముగ్గు సగం వేసి మరిచిపోతుందట. మొగుడు ఇంటికొచ్చే వేళకు గొంతు పూడుకుపోయి మాట పెగలదట.

"మొగుడు వైద్యుడికి చూపించలేదా?"

"ఆయనకు కనబళ్లేదు."

"భలే" అన్నాడు ఏకాంబరం. సాంబారు ఉప్పుకషాయంలా ఉందని ఒకసారి కసిరి, ఎడమచేత్తో కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

ఆదివారం సభ నిండిపోయింది. వచ్చినవాళ్లందరూ పెద్దమనుషులే కాబట్టి, వాళ్లలో సినిమా చూసినవాడు ఒక్కడూ లేడు. నోటితో చెప్పుకోలేని దుఃఖం ఒంట్లోకి దిగుతుందని, ఆ నాయికకు జబ్బు లేదని, ఆమె ఉన్నది తలుపు లేని గదిలో అని ఏకాంబరం వివరించాడు. ఆ మొగుడు కళ్లుండీ గుడ్డివాడన్నాడు. ఇప్పుడైనా ఆమె గోడు వినకపోతే ప్రాణం మీదికి వస్తుందని బల్ల గుద్ది చెప్పాడు. పూలదండ వేశారు. చంద్రకాంతమ్మ వసారాలో నిలబడి అంతా వింది. ఆమెకు ఏడుపొచ్చింది. అది సంతోషం వల్ల వచ్చిన ఏడుపు.

ఇంటికి రాగానే, ఆయన మెడలో దండ ఇంకా ఉండగానే అడిగింది. "ఏమండీ, ఒక్క పూట ఏర్పేడు పొయ్యి అమ్మను సూసొస్తాను."

"ఇంత మంచి రోజున ఆ దరిద్రపు మాట ఎందుకెత్తినావు?" అన్నాడు ఏకాంబరం.

ఆమె మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన ఉపన్యాసాన్ని పత్రికకు పంపుదామని కూర్చున్నాడు. ముగింపు తెలియడం లేదు. పెరట్లోకి వచ్చాడు. చంద్రకాంతమ్మ బావిగట్టు మీద కూర్చుని ఉంది. చేంతాడు ఒళ్లో ఉంది. బిందె ఖాళీగా ఉంది.

"ఆఖరికి ఆ పిల్ల ఏమైంది?"

"బావిగట్టు మింద కూసోనుండాది. మొగుడు వచ్చినాడు. అంతలో రీలు తెగింది" అంది. "ఆయన తావులో మీరుంటే ఏం జేస్తారు?" అని అడిగింది.

"నేనా? పక్కన కూర్చుని, ఏం కావాలని అడుగుతాను. వాడికి అంత తెలివి ఉందో లేదో, అది తెలియాల గదా" అన్నాడు ఏకాంబరం.

ఆ రోజుతో డేరా ఎత్తేస్తున్నారు. ఇంకోసారి పోయి ముగింపు చూసి రమ్మన్నాడు. తనకింక చేతకాదంది. నీళ్లు తోడకుండా ఈ కూర్చోవడం ఏమిటని విసుక్కుని, ఉత్తరీయం తలమీదుగా కప్పుకుని, తనే బయల్దేరాడు.

మొదటి ఆట అప్పుడే మొదలైంది. తెర మీద మీసాలవాళ్లు కుస్తీలు పడుతున్నారు. గుర్రాలు పరిగెత్తాయి. కత్తులు విరిగాయి. మళ్లీ కుస్తీలు. విరామానికి దీపాలు వెలిగినా ఆ నాయిక రాలేదు. ఆడవాళ్ల వైపు జ్ఞానాంబ శనక్కాయలు ఒలుచుకుంటూ కనబడితే, ఏకాంబరం సిగ్గు విడిచి పిలిచి, ఆ బావిగట్టు మీద కూర్చునే పిల్ల ఎప్పుడొస్తుందని అడిగాడు.

"ఏ పిల్ల, అన్నా? నేను మీ ఆడామెతో వచ్చి ఎన్నితూర్లు సూసినానో, ఈ బొమ్మలో ఆడమనిషే లేదు గదా" అంది జ్ఞానాంబ.